మైనస్ గుర్తు

పరకాల ఆడపిల్లల బడి, పదో తరగతి.
ఉన్న ఒక్క థర్మామీటరు దసరా సెలవులకు ముందే పగిలింది.
పాదరసం గుండ్లను అగ్గిపెట్టెల దాచి
వనజ ఇంటికి పట్టుకపోయింది.

"ఇంక చెయ్యే థర్మామీటరు" అన్నది నఫీసా మేడం.
తలా ఒక గాజు గ్లాసు, సగం దాక బోరింగు నీళ్లు,
గుప్పెడు యూరియా.
కలుపుతుంటే కలుపుతుంటే
గ్లాసుకు బయట సన్నగ చెమట పట్టింది.

"వేడి బయటికి పోయింది, గందుకే సల్లగైంది"
అన్నరందరు. నేను గూడ అన్న.
మేడం తల అడ్డంగ ఊపింది.
"పోలే. తాగింది.
నీళ్లది తాగింది, గ్లాసుది తాగింది,
సాలక నీ అరచేతిది తాగుతున్నది."
చెయ్యి ఎనుకకు తీసుకొని చూసుకున్న.

మా బాపు యాదికొచ్చిండు.
పత్తిచేను ఒడ్డున డ్రమ్ముల మందు కలుపుకుంట
మోచేతి దాక ముంచి
కట్టె పక్కన పెట్టి
జరసేపు ఉత్తగనే నిలబడేటోడు.
ఎందుకో ఎన్నడూ చెప్పలే.

తెల్లారి సున్నం.
ఇనుప బొక్కెన ముంగట మేడం గడ్డ పట్టుకుంటే
ఎనుక బెంచీల నుంచి స్వరూప లేచింది:
"దూరం జరగుండ్రి మేడం, ఎగజిమ్ముతది."
ఇండ్లకు సున్నాలేసే కొమురవ్వ బిడ్డ.

పొయ్యి లేదు, పుల్ల లేదు,
నీళ్లు కుతకుత ఉడికినయి.
"ఇది ఇడిసేది" అన్నది స్వరూప
పుస్తకం తెరవకుండనే,
మోచేతి మీది తెల్లమచ్చ రుద్దుకుంట.

మేడం బోర్డు మీద రాసింది.
పాత బంధం తెంపాలంటే వేడి ఖర్చు.
కొత్త బంధం కుదిరితే వేడి రాబడి.
ఏది ఎక్కువో చూసి చెప్పాలె.
తాగినదానికి ప్లస్సు,
ఇచ్చినదానికి మైనస్సు.

"ఇచ్చినదానికి మైనసెందుకు మేడం?"
"ఇచ్చినంక దాని దగ్గర తగ్గింది గదనే."
స్వరూప రాసుకున్నది.
ఆ చిన్న గీత కాడ పెన్ను చాలసేపు ఆగింది.

పొద్దుగూకి నోట్సు కోసం వాళ్లింటికి పోయిన.
కొమురవ్వ గడప మీద కూసొని
అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నది.
నాలుగిండ్లు అయినయట.
పైసలు మాత్రం ఒక్కింటియే వచ్చినయట.

స్వరూప తల్లి చెయ్యి అందుకొని
నిన్న గ్లాసు పట్టుకున్నట్టే పట్టుకున్నది,
కండ్లు మూసుకొని, రెండు చేతులతోని.
"ఇంక కాలుతనే ఉన్నది" అన్నది.
ఏ గుర్తు పెట్టాలో నన్నడగలేదు.

వాకిట్ల బొక్కెనల
రేపటి సున్నం
గుడుగుడుమంటున్నది.