రెండో మెట్టు

మే నెల. మిర్చియార్డు ఘాటు ఈ కింది గది దాకా దిగుతుంది.
ఒక్క తుమ్ముకి అద్దం వెంట్రుకవాసి జరిగితే
రాత్రంతా మళ్ళీ మొదటికొస్తుంది.
గుంటూరులో లేజరు పెట్టడమంటే
ముందు ముక్కుకి గుడ్డ కట్టుకోవడం.

ఊరేగింపు ముగించుకుని సైదులు మామ వచ్చాడు,
బ్యాండు కోటుకి జరీ ఊడి వేలాడుతూ,
ఒక చేతిలో క్లారినెట్ పెట్టె,
ఇంకో చేతిలో నాకు పెళ్ళి భోజనం పొట్లం.
"ఏదమ్మాయ్, నీ దీపం?"

కంటికి ఆనని కిరణం ఒకటి
గోరంత జింక్ ఆక్సైడు పలకను కొడుతుంది.
కొట్టిన చోట ఎలక్ట్రాన్ ఇల్లు విడుస్తుంది.
కాంతి దాన్ని ఈడుస్తుంది, విదిలిస్తుంది.
రెప్పపాటు అనే మాటకి కూడా చోటులేనంత సేపట్లో
తిరిగొచ్చి, తను వదిలిన ఖాళీలోనే పడుతుంది.
ఆ పడ్డ చప్పుడే వెలుగు.

తెల్లకాగితం మీద ఎర్రచుక్క.
"తేజ రకం," అన్నాడు మామ.
ఐదో అనుస్వరం అది. పక్కన నీలం, ఏడోది.
మూడోదీ ఉంది, మనకి కనపడదు.
రెండు, నాలుగు, ఆరు ఉండాల్సిన చోట నిండుసున్న.
రానూ పోనూ ఒకేలా ఉన్న దారిలో
వచ్చిన ఊపూ పోయిన ఊపూ
సరిసంఖ్యల్ని చెరిపేసుకుంటాయి.

మామ పెట్టె తెరవలేదు. మూత మీద వేళ్ళు ఆడించాడు.
"నా గొట్టానిదీ ఇదే బుద్ధి.
బొటనవేలి మీట నొక్కితే పై సా దగ్గర ఆగదు,
దాటిపోయి పంచమంలో దిగుద్ది.
రెండో మెట్టు కట్టలేదు దీనికి.
నలభై ఏళ్ళు ఊదా. ఎందుకో ఎవర్నడగాలో తెలీలా."

నాకు తెలుసు. ఇంటర్లో నాలుగు మార్కులకి రాశాను:
ఒక చివర మూసిన గొట్టం, బేసి అనుస్వరాలు మాత్రమే.
గోడవతల ఆయన సాధన చేస్తుంటే
విసుగ్గా కిటికీ మూసుకుని బట్టీపట్టాను.

"ఇంకాస్త గట్టిగా కొట్టరాదూ, వచ్చిద్దేమో?"
గట్టిగా కొడితే రాయి పగులుద్ది మామా.
"ఓహో, కీచుమనుద్దన్నమాట."

కొట్టలేదు. పలకని తిప్పాను,
కొద్దికొద్దిగా, పావు చుట్టు.
ఈ వాలులో రాయికి రాక వేరు, పోక వేరు.
ఎరుపుకీ నీలానికీ నడుమ
ముందు అనుమానంగా, తర్వాత
పచ్చిమిరప తొడిమంత ఆకుపచ్చ.

ఆరోది.

చాలాసేపు చూశాడు.
"అయితే నా గొట్టాన్ని ఎటు తిప్పాలంటావ్?"

జవాబు లేదు నా దగ్గర.
నాలుగింటికి కొరిటెపాడులో ఇంకో ముహూర్తం; లేచాడు.
తలుపు తీయగానే ఘాటు.
ఈసారి తుమ్మింది నేనే.