పద్నాలుగో గడి

హన్మకొండలో మూడో అంతస్తు. కూలర్ చప్పుడు.
ముందర ఇరవై గడుల కాగితం.
చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని
ఒకరు ఒకరిని ఓదార్చిన తీరుకు
మార్కులేస్తుంటాను.

పేరు చెప్పిందా? ఒకటి.
మాట్లాడే వీలుందా అని అడిగిందా? ఒకటి.
నిద్ర, తిండి, మందులు.
సలహా ఇచ్చే ముందు ఆగిందా?

ఆరుగురు నర్సులు, రెండొందల పది ఫోన్లు.
ఎవరు చేసినా ఒక్క తీరుగా ఉండాలని
మొదటి రోజే చెప్పాను.
ఒకరు పావుశేరు, ఒకరు శేరు ఓదారిస్తే
ఏది పనిచేసిందో రేపెట్లా తెలుస్తుంది?

సువర్ణ సిస్టర్ నవ్వింది.
వాళ్లది కొత్తవాడ. నాయిన జంపఖానాలు నేసేటోడు.
"డిజైన్ ఒకటే మేడం, నేసేది నలుగురు.
తిప్పి చూసి ఎవరి చెయ్యో నాయిన చెప్పేటోడు.
కొనెటోనికి మాత్రం తెల్వద్దు."

అది నేను రాసుకోలేదు.

రెండు వారాలు సలోమి రోగి, తస్లీమా నర్సు,
మర్నాడు అటుదిటు.
ఉత్తుత్తి ఏడుపులు. ఒకసారి ఉత్తుత్తిది కాదు.
"బాధపడకండి" కొట్టేశాం.
"దేవుడున్నడు" కొట్టేశాం.
"నాకూ గిట్లనే అయింది" అసలే వద్దు.
ఇన్ని కొట్టేస్తే నోట్లె ఏం మిగిలింది మేడం,
తస్లీమా అడిగింది.
వినుడు, అన్నాను
కాగితం చూసి.

ఇవాళ నూట పదకొండో రికార్డింగు.
ములుగు అవతలి నుంచి ఓదెమ్మ,
సిగ్నల్ కోసం బంగ్ల మీదికెక్కింది. వెనక మేకలు.
పెనిమిటికి పక్షవాతమొచ్చి ఐదు నెలలు.
"ఏం జెప్పాలె బిడ్డా.
కొంగు నోట్ల కుక్కుకోని ఏడుస్త,
ఆయనకు ఇనబడొద్దని."

పద్నాలుగో గడి: ఐదు సెకన్ల మౌనం.
గడియారం చూశాను.
ఐదు.
తొమ్మిది.
సువర్ణ కిటికీలోంచి కాజీపేట రైలు కూత దూరి
ఓదెమ్మ మేకల్లో కలిసింది.
పంతొమ్మిది.
"ఉన్నవా బిడ్డా?"
"ఉన్న."

స్క్రిప్టులో "వింటున్నాను, చెప్పండి" అని ఉంది.
"ఉన్న" లేదు.

ఆ తర్వాత ఓదెమ్మ ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడింది.
దానికి గడి లేదు.

సున్నా వేశాను.
నేనే పెట్టిన రూలు, నాకోసం వంగదు.
కాగితం తిప్పాను.
పెన్ను గట్టిగా ఒత్తినట్టున్నాను,
సున్నా వెనకవైపుకు ఉబ్బి
వేలికి తగిలింది.

సోమవారం క్లాసులో ఇది వినిపించాలి.
తప్పని చెప్పి వినిపించాలో
ఏమీ చెప్పకుండా వినిపించాలో.