తేలిన నాటు

సుత్తి అంటరు గానీ దీనితోని కొట్టేది లేదు.
మొల తలకు తొడిగి తిప్పుడే,
అదీ తిప్పినంత కాదు,
తిప్పాలె అని అనుకున్నంత.

నల్లగొండల, రామగిరి ఎనుక చర్చిల
ఎన్నడో ఓడెక్కి వచ్చిన పియానో.
ఎండకాలం పగుల్తది, వానకాలం ఉబ్బుతది.
ఎనభై ఎనిమిది మెట్లు, రెండు వందల ఇరవై తీగలు,
ఒక్కటంటే ఒక్కటి పక్కదాని మాట వినదు.

మొదటి నెలంత ఒక్కొక్క తీగ కాడ్నే కూసున్న.
రెండు తీగలు దగ్గరికొస్తే నడుమ ఒక అల లేస్తది
ఊఁ... ఊఁ... ఊఁ... అని.
ఆ ఊగుడు ఆగేదాంక సవరిస్త,
ఆగినంక అనుమానమొస్తది, మళ్ల కదిలిస్త.
పొద్దుగూకే యాళ్లకు పై మెట్ల కాడికి చేరితే
పొద్దున సరిజేసిన కింది మెట్లు
నన్ను ఎరుగనట్టు మొకం తిప్పుకున్నయి.

ఫిలేమోను సారు పల్లికాయ ఒలుసుకుంట అన్నడు:
"నిదానమైతె చాలు, మంచి పనే అనుకున్నవా బిడ్డా?
చెవి కూడ కూలిదే.
మూడు గంటలైతే తువ్వాల దులుపుకొని లేచిపోతది.
ఆ తర్వాత నువ్వినేది తీగను కాదు,
నీ భయాన్ని."

అందుకని రెండో నెల ఉరికిన.
ఫోన్ల టైమర్ పెట్టుకొని
గంటా ఇరవై, గంటా పది, గంట.
గంటల ముగిసిన రోజు
నాకు నేనే చాయ్ తాపిచ్చుకున్న.
ఆదివారం మూడో కీర్తన రెండో చరణం కాడ
ఎస్తేరు టీచర్ వేళ్లాపి ఎనక్కి సూసింది.
శనివారం కలిసి పలికిన తీగలు
రాత్రికి రాత్రి ఎవల జాగకు వాళ్లు జారిపోయినయి.
సారు ఏమనలే.
ఏమనకపోవుడే అనుడు.

ఆ పొద్దే అమ్మొచ్చింది, మిర్యాలగూడ దిక్కు నుంచి.
కాలువ కింద గుత్త నాట్లు ముగిసినయి.
వేళ్ల సందులల్ల ఒరుసుకపోయిన తెల్లతోలు,
టిఫిన్ల చింతకాయ తొక్కు.
పియానో లోపలికి వొంగి శానసేపు సూసి
"నాటు తేలిందా?" అన్నది.

ఎకరానికింత అని గుత్త. అంటే ఉరకాలె.
ఉరికేటోళ్లల్ల కొందరు నారును నీళ్లల్ల నిలవెడ్తరు,
మట్టిల కాదు.
మాపటికి మడి పచ్చగనే ఉంటది, ఆసామి పైసలిస్తడు.
తెల్లారి చూస్తే నారంత గట్టు పొంటి.

"మరి నువ్వెట్ల అంత జల్ది నాటుతవే?"
"జల్దేడిది? వొంగినంక లేవను, గంతే."
బొటనవేలు సూపెట్టింది.
"దిగిందా లేదా ఇది చెప్తది. నన్ను అడగదు."

ఇగ ఇప్పుడు రెండుసార్లు నడుస్తున్న.
మొదటిసారి ఉరుకుడే.
తీగలన్ని ముందుగాల ఊర్లెకైతే రావాలె,
ఎవలింట్ల వాళ్లు కూసునుడు తర్వాత.
రెండోసారి, అసలు జాగను ఎంట్రుక మందం దాటిచ్చి,
ఎనక్కి వదిలి,
మెట్టును గట్టిగ గుద్దుత.
జారేదుంటే ఇప్పుడే జారు,
ఆదివారం కాదు.

గంటా నలభై. ఒక్కోపారి రెండు గంటలు.

పై పది మెట్లకు చేరంగనే
సారు లేచి బయటికి పోతుండె, రోజూ.
నిన్న అడిగిన.
"అవి నాకు వినవడక ఆరేండ్లాయె" అన్నడు,
పొట్టు ఊదుకుంట.
"కట్టె తాకిన చప్పుడొక్కటే వస్తది.
చెయ్యిని నమ్మి తిప్పుకుంటొచ్చిన.
తప్పు తిప్పిన్నో ఏమో, ఎవలూ చెప్పలే.
ఇగ నువ్వు చెప్పాలె."

ఇయ్యాల శనివారం. చిట్టచివరి మెట్టు.
మూడు తీగలల్ల నడిమిది ఇంక సన్నగ ఊగుతున్నది,
దోమ రెక్కంత.
మిర్యాలగూడ ఆఖరి బస్సు ఎనిమిదింబావుకు.
అమ్మ చెప్పులు తొడుక్కొని గడపల నిలవడ్డది.
జల్ది అనలే. నిమ్మళం అనలే.
బొటనవేలును కొంగుతోని తుడుసుకుంటున్నది.