అచ్చియ్యమ్మ వెనకాల

పెళ్ళిళ్ళు లేని మూఢంలో
నా కెమెరాకి మడ అడవే గిరాకీ.
యానాంలో స్టూడియో షట్టరు దించి
గాడిమొగ రేవులో గంగాచలం పడవెక్కుతాను.
జేబులో ఫారెస్టు వాళ్ళ కాగితం:
తీసిన ప్రతి బొమ్మా వాళ్ళకి చూపించాలని.

పాటు తీసిన పాయ.
బురదచేప ఒకటి కళ్ళు రెండూ నెత్తిన పెట్టుకుని
నన్ను చూసి, లాభం లేదనుకుని, గెంతింది.
లకుముకి నీలంగా పోయింది.
నేను ఫోకస్ తిప్పేలోగా
కొమ్మ ఊగడం ఒక్కటే మిగిలింది.
అలా ఊగే కొమ్మలు నా దగ్గర వందున్నాయి.

నాక్కావలసింది నీటిపిల్లి.
"అదా?" అన్నాడు గంగాచలం గెడ వేస్తూ.
"మొన్న నా వల్లో పండుగప్పని సగం తినేసి
సగం నాకొదిలింది. దానికి ఫొటో కూడానా!"

మూడు తెల్లవారుజాములు కూర్చున్నాం.
దోమలు మా ఇద్దర్నీ సమానంగా చూశాయి.
నాలుగోనాడు,
"తిల్లచెట్టుకొద్దండీ, పాలు కంట్లో పడితే
ఇంక ఫొటోలుండవ్" అంటూ
నల్లమడ మొదలుకి తనే కట్టాడు,
ఎవరు కదిలినా చీకట్లోనే చూసి
తనంతట తాను కొట్టే కెమెరాని.

పదకొండు రోజులకి కార్డు విప్పితే
నాలుగువందల పన్నెండు బొమ్మలు.
పోటు. పాటు. పోటు.
పీత. మళ్ళీ అదే పీత.
లెన్సు మీద కూర్చుని వానచుక్క
తీయించుకున్నవి ముప్పై.
మూడువందల ఆరోది:
ఒడ్డున పిల్లి.
ముందరి పంజా నీళ్ళలో, మణికట్టు దాకా,
గాజులు తొడిగించుకోడానికి చాపినట్టు.
మీసాల కొసల్లో వెలుగు.
ఆ వెలుగు నా కెమెరాది కాదు.

ఆరు బారల దూరంలో
చీర గోచీ పోసి, మోకాలి లోతులో వంగి
ఒక మనిషి పీత బొరియలో చెయ్యి పెట్టి ఉంది.
వీపు పిల్లి వైపు.
నడుముకి దోపిన బ్యాటరీలైటు
వెనక్కి తిరిగిపోయి వెలుగుతోంది.

గంగాచలం తెర మీదకి వంగి
చాలాసేపు ఏమీ అనలేదు.
"మా అచ్చియ్యమ్మ పిన్ని.
రాత్రిపూట లోపలికెళ్ళకూడదు కదండీ..."
అని గెడ అందుకున్నాడు.

సగానికి కోస్తే పిల్లి ఒక్కటే ఉంటుంది.
కోసి చూశాను.
మీసాల మీద వెలుగుండిపోయింది.
ఎక్కడిదని అడిగితే ఏం చెప్పను?

ఫారెస్టు ఆఫీసులో
నాలుగువందల పదకొండు ఇచ్చాను.
గుమాస్తా పీతని మెచ్చుకున్నాడు.

మిగిలిన ఒక్కదాన్నీ
పెళ్ళి ఆల్బం కాయితం మీద తీసి పట్టుకెళితే
అచ్చియ్యమ్మ తన వంక చూసుకోనే లేదు.
తడివేలు పిల్లి వీపు మీద ఆనించి,
"రాత్రేల నా ఎనకాల నీళ్ళు కదిలితే
పోయిన మా ఆయనే అనుకుని
ఇన్నేళ్ళూ దీంతోనా నేను కబుర్లు చెప్తంట!"

పళ్ళు లేని నోటితో నవ్వింది.
నవ్వాపి, బొమ్మని వెలుగులోకి తిప్పి,
కొంచెం అనుమానంగా అడిగింది:

"మగదేనా?"