గేటు కావలి

సిరొంచ దవాఖాన ల్యాబుల
పద్దెనిమిదేండ్ల సంది నెత్తురు చదువుతున్న.
చక్కెరెంత, మలేరియా ఉన్నదా లేదా,
గర్భిణికి రక్తమెంత.
మెగ్నీషియం ఎంతని అడిగేటోళ్లు తక్కువ.
ఆ రాత్రి గేడాం డాక్టరు
చీటీ మీద రెండు గీతలు గీసి అడిగిండు.

పేరు జనగాం సడువలి. ముప్పైనాలుగేండ్లు.
ఇనుపరాయి లారీ.
ఎటపల్లి గుట్టల కాడ నింపుకొని
ఆలపెల్లి అడవి దాటి బల్లార్షా దిక్కు,
మూడు రాత్రులు. నాలుగోది కూడ.
కన్ను మూతపడకుండ ఒక గోలీ,
అది దిగకముందే ఇంకొకటి.
ధాబా ఎనక పాన్‌డబ్బావాడు
చాక్లెట్ కాగితంల చుట్టి ఇచ్చేటోడట.

"దవడ ఆగుతలేదక్కా, రాయి నమిలినట్టు,"
అన్నది పోసుబాయి.
"ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది.
ఎనక లారీ తరుముతున్నదంటడు.
మా ఇంటెనక తుమ్మచెట్టే ఉన్నది."

ఒకటి పాయింట్ ఒకటి.
నమ్మక మళ్ల చేసిన. అదే.

రాత్రి మూడింటికి, బల్ల మీద,
ఆమెకెట్ల చెప్పాలె?
మాకు ఎదురుంగ బ్యారేజీ ఉన్నది.
గేట్లెత్తితే ఏమైతదో ఆమెకు తెలుసు,
రెండెకరాల మిరప తోట
ఒక్క తెల్లారికి ఇసుక కింద పడ్డది.
అందుకే గేటుతోనే మొదలుపెట్టిన.

మెదడుల ఉన్న కణాలకు చిన్న చిన్న గేట్లుంటయి, పోసుబాయీ.
గేటు నోట్ల మెగ్నీషియం
బిరడ లెక్క కూసుంటది.
గట్టిగ పిలుపొస్తే లేస్తది,
కొంచెం కాల్షియం లోపలికి పోతది,
మళ్లొచ్చి కూసుంటది.
దారులు, పేర్లు, మొకాలు
మనకట్లనే యాదికుంటయి.

గోలీ మింగితే పిలుపు ఆగదు.
రాత్రంత పిలుస్తనే ఉంటది.
కావలోనికి కూసునే తీరికెక్కడిది?
చెమటల కొంత కారిపాయె,
ఉన్నదేమో నిలబడే ఉండె.
ఇగ కాల్షియం వరద లెక్క వస్తది.
ఎముకకు బలమిచ్చేదే, పాలల్ల ఉండేదే,
హద్దు దాటితే కణాన్ని లోపల్నుంచి తింటది.

"పాలల్లదేనా?" అన్నది.
లారీ ఎక్కేముందు ప్రతిసారి
చెంబెడు పాలు తాపేదట.
అప్పటిదాక ఏడ్వని మనిషి
దానికి ఏడ్చింది.
పాల తప్పు కాదని
ఎన్నిసార్లు చెప్పిననో లెక్కలేదు.

మందు మా స్టోరుల లేదు.
కాన్పుల వార్డు అల్మారల ఉన్నది,
ఫిట్సొచ్చిన గర్భిణుల కోసం దాచింది.
కుసుం సిస్టరు ఆంపూళ్లు చేతుల పెట్టి
"ఒకటన్న ఉంచు,
కమలాపూర్ నుంచి ఒకామె వస్తున్నది" అన్నది.
వాన. ఆ జీపు ఇంక రాలేదు.

చుక్క. చుక్క.

పొద్దుగాల ఒకటి పాయింట్ తొమ్మిది.
డాక్టరు నవ్విండు, నేను సంతకం పెట్టిన.
నెత్తురుల అంకె నెత్తురుదే.
ఆ గేట్ల కాడ ఎవరు మిగిలిండ్రో
నా మిషిన్ల కనబడదు.
ఎలుకల మీద చూసిండ్రట,
ముందుగాల ఇస్తే కొన్ని కణాలు బతికినయట.
మనిషికి, అదీ వరద పోయినంక ఇస్తే?
నేను చదివిన కాగితాలల్ల
"కావచ్చు" అన్న మాటే ఎక్కువ.

మూడోనాడు దవడ ఆగింది.
జావ తాగిండు. నన్ను చూసి దండం పెట్టిండు.
యజమాని ఫోను మూడుసార్లు మోగింది,
తాళంచెవి ఏడున్నదని.

ఇంటి తొవ్వ చెప్పమన్నడు డాక్టరు.
సిరొంచ దాటినంక ఏమొస్తది?
అంకీస, అన్నడు.
ఆసరెల్లి, అన్నడు.
తర్వాత
నిద్రల గేరు ఎతికినట్టు
చెయ్యి గాలిల కదిలింది.

ఆసరెల్లి దాటినంక వచ్చేది
వాళ్ల ఊరే.

పోసుబాయి పెదవి కదిపింది గని
అందియ్యలేదు.
లోపల సెంట్రిఫ్యూజ్ తిరిగి తిరిగి ఆగింది.
గ్లవ్వులు తియ్యకుండ తలుపు కాడ నిలబడ్డ,
ఆమె ఎదురుచూస్తున్న ఆ ఒక్క మాటకే
నేను కూడ.