తలుపు ఖరీదు

కొండపల్లి దాటాక ఎడమకి,
పొణికి చెట్ల మధ్య ఎకరం నలభై సెంట్లు.
గజం రేటు బ్రోకర్ మీరావలి నాలుక చివరుంది.
కావలి గది మాత్రం లెక్కలో లేదు.
"నూటపాతికేళ్లది, ఎలాగూ పడగొట్టేదే,
కర్రకెంతొస్తుందో చెప్పు" అని
ఆటోనగర్ నుంచి నన్ను బండెక్కించుకొచ్చాడు.

దూలం గోటితో గీకాను: టేకు.
వాసాలు తాడివి. ఒకటి తేనెటీగలది.
పెంకు ముట్టుకుంటే పిండి.
వెనక గోడలోంచి ఒక వేరు
అడక్కుండా లోపలికొచ్చి కూర్చుంది.

తలుపు లోపలి వైపు
కత్తిమొనతో కావలివాడి రాత.
పట్టుకున్న పుల్లల మోపులు,
ఎదురుగా జరిమానా అణాలు.
కొన్ని పేర్లకి అణాల్లేవు.

సైదమ్మ, రెండు మోపులు. కనపడలేదు.
సైదమ్మ, నిండు చూలాలు, ఒక మోపు. కనపడలేదు.

మా తాతమ్మ పేరూ అదే.
అయినా ఈ కొండ కింద
ఇంటికో సైదమ్మ ఉండేది.

బయట మీరావలి ఫోన్లో
ఎవరికో అడవి గాలి అమ్ముతున్నాడు.
దూలానికింత, వాసాలకింత,
మేకులు తూకానికి, అని చెప్పాను.
"మరి తలుపు?"

చెదలు పట్టింది, పనికిరాదు
అన్నాను,
వీపుతో దాన్ని మూసి నిలబడి.