నలభై మూడు మూటలు

నేల మెత్తబడాలని నిన్న రాత్రే నీళ్ళు వదిలాం.
కరెంటు ఉన్నది రెండు గంటలు,
చివరి రెండు సాళ్ళూ పొడిగానే మిగిలాయి.

తెల్లారకముందే మునివెంకటమ్మ పెద్దమ్మ
కొంగు నడుముకు దోపి మొదటి సాలులో కూచుంది.
బీట్రూటు పీకడం బలంతో పని కాదు.
ఆకులన్నీ ఒక్క పిడికిట పట్టి
కొంచెం తిప్పాలి, తుప్పుతాళంలో చెవి తిప్పినట్టు.
లోపలెక్కడో ఒప్పుకుని
నేల చిన్న చప్పుడు చేసి వదులుతుంది.
తమ్ముడు గంగాధరు గుంజాడు. ఆకు చేతికొచ్చింది, గడ్డ అక్కడే.
"గుంజితే ఇస్తుందారా? అడగాల" అంది పెద్దమ్మ,
తల ఎత్తకుండా.

కొడవలితో ఆకు కోసేది నేను.
రెండు వేళ్ళ కాడ వదలాలి.
మొదలంటా కోస్తే రంగంతా దారిలోనే కారిపోయి
మండీ చేరేసరికి గడ్డ ముసలిదవుతుంది.
కోసిన ఆకు ఆవుకు, కొంచెం మా పప్పులోకి.

ఈ పంట మొదట వేసిన ఏడు
చిన్నోడు ఉచ్చ ఎర్రగా పోశాడని
రాత్రికి రాత్రి హొసకోట ఆసుపత్రికి పరుగెత్తాం.
డాక్టరమ్మ వాడి నాలుక చూసి నవ్వింది.
ఆటోకి మూడువందలు.
పెద్దమ్మ ఇప్పటికీ ఆ లెక్క గంగాధరుకి చెబుతూ ఉంటుంది,
ఆ చిన్నోడు వాడే గనక.

చేను నడుమ పసుపు రంగు పూసిన రాయి ఉంది,
రోడ్డు వాళ్ళు కొలిచి పాతి పోయింది.
మూడేళ్ళయింది. రోడ్డు రాలేదు, డబ్బూ రాలేదు.
రాయి చుట్టూ కూడా విత్తాం.
దాని మొదట్లో ఊరినవే ఈసారి పెద్ద గడ్డలు.

మధ్యాహ్నం తొట్టిలో కడగడం.
మొదటి నీళ్ళు మట్టి, రెండో నీళ్ళు సంజ,
మూడో నీళ్ళలో మా ముఖాలు కనబడ్డాయి, ఎర్రగా,
ఎవరిమీదో కోపం వచ్చినట్టు.

చౌడప్ప బండికి నలభై మూడు మూటలు.
"నలభై పడితే గొప్ప" అని వాడు,
"పడతాయిలే" అని పెద్దమ్మ.
పడ్డాయి. వాటి మీద మేమిద్దరం.

కె.ఆర్.పురం వంతెన కింద బండి ఆగిపోయింది.
ఎదురుగా అద్దాల మేడ, రెండో అంతస్తులో వెలుతురు,
ఒక పిల్ల యంత్రం మీద పరుగెడుతోంది
ఉన్నచోటనే, చెమటలు కక్కుతూ.
"యాడికే అది?"
"యాడికీ కాదు, పెద్దమ్మా."
"మనమూ అంతే గదా ఇప్పుడు" అని
మూటకి ఆనుకుని కళ్ళు మూసింది.

కలాసిపాళ్యంలో ఒంటిగంట.
కొక్కేలు, కేకలు, కుళ్ళిన క్యాబేజీ మీద జారే కాళ్ళు.
మండీ సయ్యదు ఒక గడ్డ తీసి రెండుగా కోశాడు.
"తెల్ల చుట్లు ఎక్కువమ్మా. ఎనిమిది."
"తొమ్మిదన్నావే ఫోనులో."
"ఫోనులో చుట్లు కనబడవు గదా."

పెద్దమ్మ ఒక చెక్క తీసుకుని బల్బు కింద పట్టింది.
"ఇదిగో, ఇది మోటారు కాలిన వారం.
ఇది నేను జరమొచ్చి పండుకున్నది.
ఈ సన్నది చూడు, వాన మూడు దినాలు పట్టింది.
దీనికి రూపాయి తగ్గిస్తావా?"
సయ్యదు తల గోక్కున్నాడు. ఎనిమిదిన్నర రాశాడు.
ఆ చెక్కను ఆమె పచ్చిగానే కొరికి
రెండోది నాకిచ్చింది.
మట్టివాసన, తర్వాత తీపి.

చౌడప్పకి వేరే బాడుగ దొరికింది.
మొదటి బస్సు ఎక్కాం, ఆడవాళ్ళకి ఊరికే ఇచ్చే చీటీతో.
కండక్టరు మా చేతులు చూసి కన్నడంలో అడిగాడు,
గోరింటాకా, పెళ్ళి నుంచా అని.
"ఊఁ, సాగనంపి వస్తున్నాం."

ఖాళీ గోనెలు ఒళ్ళో మడిచి లెక్కపెట్టింది.
మళ్ళీ విప్పి లెక్కపెట్టింది.
నలభై రెండే.
హొసకోట దాకా సయ్యదును తిడుతూనే ఉంది.
దిగేటప్పుడు చూశాను,
నలభై మూడోది ఆమె భుజాల మీదే ఉంది,
చలికి తనే కప్పుకున్నది.
నేను చెప్పలేదు.
చివరి రెండు సాళ్ళూ ఇంకా అట్లాగే ఉన్నాయి,
ఆ కోపం వాటికి పనికొస్తుంది.